లోపలి రూట్లు ఎత్తేసి మెయిన్ రోడ్డుకి బస్సులు పెంచుతారట: మూడు నిమిషాల్లో ఏం అడగాలి?

కిటికీపక్కసీటు · సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా చదివి వెళ్లిపోతున్నదాన్నే, ఇవాళ రాయక తప్పడం లేదు. మా వైపు బస్సు రూట్లు మార్చే ముసాయిదా వచ్చింది. లోపలి వీధుల్లో తిరిగే మూడు రూట్లు తీసేసి, ఆ బస్సులన్నీ మెయిన్ రోడ్డు మీదికి మళ్లిస్తారట. అక్కడ ఇప్పుడు అరగంటకొకటి వచ్చే బస్సు ఇకపై పది నిమిషాలకొకటి వస్తుందట. వినడానికి బాగానే ఉంది. కానీ మా వీధి నుంచి ఆ స్టాపు దాకా ఫుట్‌పాత్ లేదు. మధ్యలో దాటాల్సిన రోడ్డుకి సిగ్నల్ లేదు. మా అమ్మకి 74 ఏళ్లు. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి ఆవిడ వెళ్లేది ఈ లోపలి బస్సులోనే.

వచ్చే గురువారం ప్రజాభిప్రాయ సేకరణ. మనిషికి మూడు నిమిషాలు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో సగంమంది "మన బస్సు మనకి కావాలి" అంటున్నారు, సగంమంది "ఖాళీగా తిరిగే బస్సు ఎవరికి" అంటున్నారు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది, అదీ ఇబ్బంది. ఏం అడగమంటారు?

స్టీరింగ్ · సోమవారం, రాత్రి 10.05

ముందే చెప్పేస్తున్నా, నేను కారు మనిషిని. అలాంటి బస్సు ఒకదాని వెనక రోజూ ఇరుక్కుంటాను. లోపల నలుగురుంటారు, పొగ మాత్రం నలభై మందికి సరిపడా. ఆ డబ్బేదో పెట్టి రోడ్డు వెడల్పు చేస్తే అందరికీ సుఖం, బస్సుతో సహా.

లెక్కలపిచ్చి · సోమవారం, రాత్రి 10.31

స్టీరింగ్ అన్నా, వెడల్పు చేసి చూసినవాళ్లున్నారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అని ఒకటుంది. 2008లో విస్తరణ పూర్తయ్యేసరికి, పక్కన ఉండే సర్వీసు రోడ్లతో కలిపితే కొన్నిచోట్ల 26 లేన్లు. కొన్నేళ్లు తిరక్కుండానే సాయంత్రం ఇంటికెళ్లే టైము మళ్లీ పెరిగిపోయింది. రోడ్డు ఖాళీ అయిందని తెలియగానే, అంతకుముందు బయల్దేరనివాళ్లు బయల్దేరతారు. దూరంగా ఇల్లు కొనుక్కోవడానికి వెనకాడినవాళ్లు కొనేస్తారు. ఇంతకంటే మర్మమేమీ లేదు.

ఒక మామూలు లేనులో గంటకి వెళ్లగలిగేది 600 నుంచి 1,600 మంది, అంటోంది అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం. అదే వెడల్పు ఫుట్‌పాత్‌కి ఇస్తే 8,000 పైమాటే. కారు చెడ్డదని కాదు, అది చోటు తినే వస్తువు.

టైంటేబుల్_తాత · మంగళవారం, ఉదయం 5.50

అమ్మా కిటికీపక్కసీటూ, నేను ముప్పై ఏళ్లు బస్సులకి టైంటేబుల్ వేసి రిటైరైనవాణ్ని. అటు కూర్చున్నవాళ్లు ఏ లెక్క వేస్తారో చెబుతాను. తెలిస్తే వాళ్ల మీద కోపం కాస్త తగ్గుతుంది, అడగాల్సింది సూటిగా అడగొచ్చు.

ఒక రూటు ఆ చివరికి వెళ్లి తిరిగి రావడానికి 60 నిమిషాలు పడుతుందనుకోండి. అరగంటకొక బస్సు కావాలంటే రెండు బండ్లు చాలు. పది నిమిషాలకొకటి కావాలంటే ఆరు కావాలి. కొత్త బండ్లు కొనే డబ్బు లేనప్పుడు ఆ నాలుగూ ఎక్కణ్నించి వస్తాయి? మీ లోపలి రూట్ల నుంచి. ఇందులో కుట్ర లేదు, ఉత్త భాగహారం.

మరి ఎక్కువమంది ఎక్కే రోడ్డుకి బండ్లు పెట్టాలా, ఎవరినీ వదలకుండా అన్ని వీధులూ తిప్పాలా? ఇది ఇంజినీరు తేల్చే ప్రశ్న కాదు. ఊరు తేల్చుకోవాల్సిన ప్రశ్న. ఇందాక బాబు చెప్పిన హ్యూస్టనే 2015 ఆగస్టులో తన బస్సు రూట్లన్నిటినీ ఒక్కరాత్రిలో మార్చేసింది. దానికి చాలా ముందే వాళ్ల బోర్డు కూర్చుని, నూటికి 80 వంతుల సర్వీసు జనం ఎక్కువగా ఎక్కేచోట, 20 వంతులు జనం తక్కువైనా అవసరం ఉన్నచోట అని బాహాటంగా తేల్చుకుంది. ఆ 80, 20 మనకీ సరిపోతాయని నేననను. కానీ మీ ముసాయిదాలో అలాంటి అంకె ఏదైనా ఉందా? లేకపోతే మీ మొదటి ప్రశ్న అదే.

రెండో సంగతి, "గంటకి ఇన్ని బస్సులు" అన్న మాట నమ్మకండి. గంటకి నాలుగు బస్సులు సమంగా వస్తే స్టాపుకొచ్చిన మనిషి సగటున ఏడున్నర నిమిషాలు నిలబడతాడు. అవే నాలుగు జంటలుగా అరగంటకోసారి వస్తే పదిహేను నిమిషాలు. కాగితం మీద మాత్రం రెండూ "గంటకి నాలుగే". జంటలెందుకు కడతాయంటే, ఆలస్యమైన బస్సుకి ప్రతి స్టాపులోనూ జనం పోగై ఉంటారు. వాళ్లు ఎక్కేసరికి అది ఇంకా ఆలస్యం. వెనక బస్సుకి ఎక్కేవాళ్లు మిగలరు, అది తేలిగ్గా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. జనమేమో డ్రైవర్లు కబుర్లు చెప్పుకుంటూ కలిసొచ్చారని తిడతారు.

మందు ఏమిటంటే రోడ్డులో ఒక లేను బస్సులకి మాత్రమే విడిచిపెట్టడం. ఆరు బండ్లు 60 నిమిషాల్లో తిరిగొస్తే పది నిమిషాలకొకటి. లేనిచ్చి 45 నిమిషాల్లో తిరిగొచ్చేలా చేస్తే, అవే ఆరు బండ్లతో ఏడున్నర నిమిషాలకొకటి. ఒక్క బండి కొనకుండా, ఒక్క డ్రైవర్ని పెంచకుండా. బ్రెజిల్‌లోని కురిచీబా 1974లోనే ఇది మొదలుపెట్టింది. మెట్రో తవ్వే డబ్బు లేక, రోడ్డు మధ్యన బస్సుకి దారి విడిచిపెట్టారు.

ర్యాంపు_ఎక్కడ · మంగళవారం, ఉదయం 8.15

తాతగారూ, భాగహారం బాగుంది. నాలాంటివాళ్లు ఆ భాగహారంలో ఎప్పుడూ శేషమే.

నాది చక్రాల కుర్చీ. "స్టాపు 400 మీటర్లే, ఐదు నిమిషాల నడక" అని మ్యాపు మీద ఒక గుండ్రం గీస్తారు. ఆ గుండ్రం గాల్లో ఎగిరే కాకికి కరెక్టే. నాకు మధ్యలో ప్రహరీ గోడ, తెరిచిన కాలువ, ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ తగులుతాయి. మా వీధి నుంచి స్టాపు కనిపిస్తుంది. చేరాలంటే మాత్రం కిలోమీటరు పైన, అందులో సగం ఎదురొచ్చే లారీలతో.

1978 జులైలో అమెరికాలోని డెన్వర్‌లో కొంతమంది చక్రాల కుర్చీలవాళ్లు నడిరోడ్డు మీద బస్సులకి అడ్డంగా ఉండిపోయారు. మేమూ ఎక్కుతాం అన్నదొక్కటే డిమాండు. రాత్రంతా అక్కడే ఉన్నారు. ఇవాళ ఆ దేశంలో సిటీ బస్సులకి లిఫ్టో ర్యాంపో ఉందంటే, 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చిందంటే, వెనక అలాంటి రాత్రులు చాలా ఉన్నాయి. అంచు ఏటవాలుగా చేసిన ఫుట్‌పాత్ చివరికి ఎవరికి పనికొచ్చింది? చంటిపిల్లల బండి తోసేవాళ్లకి, చక్రాల సూట్‌కేసు లాగేవాళ్లకి, మోకాళ్లు అరిగిన అందరికీ. మీ అమ్మగారికి కూడా.

కాబట్టి ఆ మూడు నిమిషాల్లో ఒక్కటే అడగండి. ముందు దారి, తర్వాత కోత.

స్టీరింగ్ · మంగళవారం, ఉదయం 8.40

ఇది మాత్రం ఒప్పుకుంటా. కానీ ఫుట్‌పాత్ వేస్తే రెండోరోజుకి బైకులు ఎక్కేస్తాయి.

ర్యాంపు_ఎక్కడ · మంగళవారం, ఉదయం 8.42

బైకులు వాటంతటవే ఎక్కవు కదండీ.

రాత్రిడ్యూటీ · మంగళవారం, మధ్యాహ్నం 1.20

ఇప్పుడే లేచాను, అన్నీ చదివాను. పది నిమిషాలకొకటి అంటున్నారు సరే, ఏ టైములో? నేను నర్సుని. డ్యూటీ దిగేది ఒకోసారి రాత్రి పది దాటాక, ఎక్కేది ఒకోసారి తెల్లవారకముందు. నాతోపాటు స్టాపులో నిలబడేది ఊడ్చేవాళ్లు, సెక్యూరిటీవాళ్లు, హోటళ్లలో పనివాళ్లు. ఫ్రీక్వెన్సీ అనే మాట ఎప్పుడూ ఉదయం తొమ్మిది గురించీ సాయంత్రం ఆరు గురించే. లాస్ట్ బస్సు ఎన్నింటికో ముసాయిదాలో చూడండి. అది అరగంట ముందుకి జరిగితే కొందరికి ఉద్యోగమే పోతుంది. ఆ మనిషి గురువారం మీటింగుకి కూడా రాదు, డ్యూటీలో ఉంటుంది.

న్యాయం మాట వచ్చింది కాబట్టి, లాస్ ఏంజెలెస్ సంగతి చెప్పాలి. 1994లో అక్కడ బస్సు ప్రయాణికుల సంఘం కోర్టుకెళ్లింది. వాళ్ల వాదన ఏమిటంటే, పేదలూ నల్లజాతివాళ్లూ లాటినోలూ కిక్కిరిసి వెళ్లే బస్సుకి చార్జీ పెంచుతారు, నెలవారీ పాసు తీసేస్తామంటారు, డబ్బు మాత్రం రైలు మార్గాలకి పోస్తారు అని. 1996లో రాజీ ఒప్పందం కుదిరింది. పాసు నిలిచింది, చార్జీలకి పరిమితి వచ్చింది, ఒక్కో బస్సులో ఎంతమంది నిలబడొచ్చన్నదానికి కూడా హద్దు పెట్టించారు. రైలు వద్దని కాదు. ఎవరి బస్సు ఖాళీ చేసి ఎవరికి రైలు వేస్తున్నారని అడిగారు, అంతే.

ఇంకొకటి, మా వృత్తి మాట. 1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువని తేలింది. తర్వాత ఆయనే యూనిఫాం కొలతలు తీసి చూస్తే, డ్రైవర్లకి చేరిన కొత్తలోనే నడుములు పెద్దవి! కాబట్టి మొత్తం గొప్ప మెట్లకే ఇవ్వలేం. అయినా ఒళ్లు కదపడానికీ గుండెకీ ఉన్న సంబంధం వెతకడానికి దారి అక్కడే పడింది. బస్సు మనిషి రోజూ స్టాపు దాకా వెళ్లి రావడంలోనే ఇరవై, ముప్పై నిమిషాలు నడుస్తుంది. వారానికి 150 నిమిషాలు ఒళ్లు కదపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది చాలావరకు అక్కడే తీరిపోతుంది. ఆ నడకలో లారీ గుద్దకపోతే.

షాపుతాళం · మంగళవారం, సాయంత్రం 4.10

నా గోడు కూడా వినండి. మెయిన్ రోడ్డు మీద నాకు చిన్న షాపుంది. బస్సు లేను అంటే నా ముందు పార్కింగ్ పోతుంది. కారు ఆపుకోలేనివాడు నా షాపుకెందుకొస్తాడు? తాతగారి ఏడున్నర నిమిషాలు నా అద్దె కట్టవు.

లెక్కలపిచ్చి · మంగళవారం, సాయంత్రం 4.55

భయం అర్థమవుతుంది సర్. కానీ ఒకసారి మీరే లెక్కపెట్టి చూడండి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2006లో షాపులవాళ్లని అడిగితే, మా గిరాకీలో నూటికి 41 మంది కార్లలో వస్తారన్నారు. వచ్చినవాళ్లనే అడిగితే 22 మందే. కారు ఆపి దిగినవాడు కంటికి కనిపిస్తాడు, నడిచొచ్చినవాడు గుర్తుండడు. కోపెన్‌హేగన్‌లో స్ట్రోయెట్ అనే బజారు వీధిని 1962లో నడిచేవాళ్లకి వదిలేసినప్పుడూ వ్యాపారులు ఇలాగే గగ్గోలు పెట్టారు. ఇవాళ దాన్ని మళ్లీ కార్లకి తెరుస్తామంటే గగ్గోలు పెట్టేది కూడా వాళ్లే.

షాపుతాళం · మంగళవారం, సాయంత్రం 5.02

అది బజారు వీధి బాబూ, నాది బస్సులు రొద పెట్టుకుంటూ పోయే రోడ్డు. రెంటికీ పోలికేమిటి? సరే, లెక్కపెడతాను. అందాక సరుకు దింపుకోడానికి పొద్దున ఒక గంటైనా బండి ఆపనివ్వాలి. అది రాసుకోండి.

కిటికీపక్కసీటు · మంగళవారం, రాత్రి 9.15

రాసుకున్నానండీ, న్యాయమైన మాటే.

ముసాయిదా మళ్లీ చదివాను. తాతగారు అడిగిన 80, 20 లాంటి అంకె ఎక్కడా లేదు. లాస్ట్ బస్సు మెయిన్ రోడ్డు మీద మారలేదు, లోపల ఎలాగూ ఉండదు. ఇంకో సంగతి గమనించాను. అమ్మకి ఇప్పుడు ఒకే బస్సు, ఒకే టికెట్. కొత్త పద్ధతిలో రెండు బస్సులు మారాలి, రెండు టికెట్లు.

స్టీరింగ్ · మంగళవారం, రాత్రి 9.30

బస్సే ఫ్రీ చేసేస్తే పోలా? గొడవుండదు.

టైంటేబుల్_తాత · బుధవారం, ఉదయం 5.45

చేసినవాళ్లున్నారు బాబూ. ఎస్టోనియా రాజధాని టాలిన్ 2013 నుంచి తన ఊళ్లో నివాసులుగా నమోదైనవాళ్లకి ఫ్రీ. లక్సెంబర్గ్ దేశం మొత్తం 2020 మార్చి 1 నుంచి ఫ్రీ. బెల్జియంలోని హాసెల్ట్ 1997లో మొదలుపెట్టి 2013లో ఖర్చు మొయ్యలేక ఆపేసింది. టాలిన్‌లో కొత్తగా బస్సెక్కినవాళ్లలో అంతకుముందు నడిచేవాళ్లు బాగానే ఉన్నారు, కార్లు దిగినవాళ్లు తక్కువ. పేదవాడి జేబుకి ఫ్రీ మేలే, కాదనను. కానీ అరగంటకొచ్చే బస్సు ఫ్రీ చేసినా అరగంటకే వస్తుంది. నా చేతిలో డబ్బుంటే ముందు బండ్లకి పెడతాను. రాత్రిడ్యూటీ అమ్మాయి ఒప్పుకోకపోవచ్చు.

ఆ రెండు టికెట్ల సంగతి మాత్రం వదలకండి. మారమని చెప్పేది వాళ్లు, మారినందుకు జరిమానా మనకా? టికెట్ బస్సుకి కాదు, గంటన్నరకో రెండు గంటలకో ఇవ్వాలి. ఆ టైములో ఎన్ని బస్సులైనా మారనివ్వాలి. చాలా నగరాల్లో ఉన్నదే, కొత్త వింత కాదు.

రాత్రిడ్యూటీ · బుధవారం, మధ్యాహ్నం 12.50

ఒప్పుకోను తాతగారూ :) నెలాఖర్లో రెండు స్టాపుల ముందే దిగి నడిచేవాళ్లని రోజూ చూస్తాను. చార్జీ కూడా ఆలస్యం లాంటిదే, దాటలేనివాళ్లకి బస్సు ఎప్పటికీ రానట్టే. ఆ వాదన ఇంకోరోజు పెట్టుకుందాం.

టైముకి టికెట్ మాత్రం వందసార్లు అవును. ఆడవాళ్ల ప్రయాణం ఇంటి నుంచి ఆఫీసుకి గీసిన గీత కాదు. పిల్లని దింపాలి, మందులు కొనాలి, అత్తగారి రిపోర్టు తేవాలి, అప్పుడు డ్యూటీ. ఒక్కో మజిలీకి ఒక్కో టికెట్ అంటే మాకే ఎక్కువ పడుతుంది. వియన్నా నగరం 1990ల నుంచి ఇలాంటి తేడాలు అడిగి తెలుసుకుని ఫుట్‌పాత్‌లు వెడల్పు చేసింది, వీధి దీపాలు పెంచింది. స్వీడన్‌లో కార్ల్‌స్కూగా అనే చిన్న ఊళ్లో మంచు తీసే వరసే తిరగేశారు. ముందు ఫుట్‌పాత్‌లు, తర్వాత పెద్దరోడ్లు. మంచులో జారి ఎముక విరగ్గొట్టుకునేది నడిచేవాళ్లే కదా.

లెక్కలపిచ్చి · బుధవారం, సాయంత్రం 6.20

కిటికీపక్కసీటు గారూ, ఆ రోడ్డు దాటే చోట సిగ్నల్ అడుగుతారుగా, టైము కూడా అడగండి. సెకనుకి 1.2 మీటర్లు నడుస్తారనుకుని సిగ్నల్ పెట్టడం చాలాచోట్ల అలవాటు. 14 మీటర్ల రోడ్డుకి 12 సెకన్లు సరిపోతాయంటారు. మీ అమ్మగారు సెకనుకి 0.8 మీటర్లు నడిస్తే ఆవిడకి పదిహేడున్నర కావాలి. 12 సెకన్లకి ఆవిడ ఇంకా నాలుగు మీటర్ల దూరంలో, రోడ్డు మీదే ఉంటారు.

వేగం సంగతి కూడా. 50 కి.మీ. వేగంతో వచ్చే కారు సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది. మనిషిని చూసి బ్రేకు మీద కాలు వేయడానికే ఒక సెకను. 30తో వచ్చే కారు ఆ 14 మీటర్లలోపే పూర్తిగా ఆగిపోతుంది. అంటే ఒక కారు ఆగిపోయిన చోట, రెండోది ఇంకా బ్రేకే తొక్కలేదు. స్పెయిన్ 2021 నుంచి నగరాల్లో అటొక లేను ఇటొక లేను ఉండే రోడ్లన్నిటికీ 30 పరిమితి పెట్టింది. నార్వే రాజధాని ఓస్లోలో 2019లో నడిచేవాళ్లలో గానీ సైకిలువాళ్లలో గానీ ఒక్కరు కూడా రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు.

స్టీరింగ్ · బుధవారం, సాయంత్రం 6.45

నేను ఆ రోడ్డు మీద 50 దాటే వెళ్తాను. చెప్పకూడదేమో.

మోడరేటర్ · బుధవారం, సాయంత్రం 7.00

చెప్పడం మంచిదే. దాని మీద వచ్చిన రెండు జవాబులు తొలగించాను. మనిషిని తిట్టకండి, మాటని అడగండి.

కిటికీపక్కసీటు · గురువారం, రాత్రి 10.20

వెళ్లొచ్చాను. ఇంకా చేతులు వణుకుతున్నాయి.

నాలుగు అడిగాను. ఒకటి, లోపలి రూట్లు తీసేముందు స్టాపు దాకా ఫుట్‌పాత్, ర్యాంపు, సిగ్నల్ పూర్తవ్వాలి, సిగ్నల్ టైము ముసలివాళ్ల నడకకి పెట్టాలి. రెండు, టికెట్ టైముకి ఇవ్వాలి. మూడు, బస్సు లేను వెయ్యాలి, షాపులకి పొద్దున సరుకు దింపుకునే గంట వదలాలి. నాలుగు, ఎంత సర్వీసు జనం కోసం, ఎంత అవసరం కోసం అన్నది రాతపూర్వకంగా చెప్పాలి. నాలుగోది మొదలుపెట్టగానే గంట కొట్టేశారు. వెనక వరసలో ముక్కూమొహం తెలియని ఒకాయన లేచి, తన మూడు నిమిషాల్లోంచి ఒకటి నాకిచ్చాడు.

జవాబు ఏం వచ్చిందంటే, ఫుట్‌పాత్ తమ శాఖ కాదట. బస్సు ఒకరిది, రోడ్డు ఇంకొకరిది, సిగ్నల్ మూడోవాళ్లది. వేదిక మీద ముగ్గురూ పక్కపక్కనే కూర్చున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టైముకి టికెట్ "పరిశీలిస్తాం" అన్నారు. బస్సు లేను మాట దాటేశారు. రూట్ల కోత మాత్రం రెండు నెలలు ఆపారు. ఈలోగా లోపలి బస్సులు ఎవరెవరు ఎక్కుతున్నారో "మీ దగ్గర వివరాలుంటే ఇవ్వండి" అన్నారు.

టైంటేబుల్_తాత · శుక్రవారం, ఉదయం 5.40

రెండు నెలలు తక్కువేమీ కాదమ్మా. తలలు మాత్రమే లెక్కపెట్టకండి. ఎక్కినవాళ్లు ఎటు నుంచి నడిచొచ్చారు, దిగాక ఎక్కడికి వెళ్లాలి, ఈ బస్సు లేకపోతే ఎలా వెళ్తారు, ఈ మూడూ అడగండి. "వెళ్లను" అన్నవాళ్లకి వేరే గడి పెట్టండి. డిపోలో టికెట్ల లెక్కలో ఆ గడి ఉండదు. కాగితం నేను తయారుచేసి ఇక్కడ పెడతాను.

రాత్రిడ్యూటీ · శుక్రవారం, మధ్యాహ్నం 2.00

స్టాపులో లెక్కపెట్టడానికి రాత్రి 9 తర్వాతి టైము నా పేరు మీద రాయండి. ఎలాగూ అక్కడే నిలబడతాను.

షాపుతాళం · శుక్రవారం, సాయంత్రం 3.30

మధ్యాహ్నం మా కుర్రాణ్ని పంపిస్తాను. నా షాపు లెక్క కూడా మొదలుపెట్టా. రెండు రోజులకే ఏమీ చెప్పను.

ర్యాంపు_ఎక్కడ · శుక్రవారం, సాయంత్రం 4.05

సాయంత్రం 5 నుంచి 7 నాది. ఆ స్టాపులో బెంచీ లేదని మీరంతా బాధపడుతుంటారు, నా కుర్చీ నాతోనే వస్తుంది.

స్టీరింగ్ · శుక్రవారం, రాత్రి 9.10

ఉదయం 7 నుంచి 9 ఎవరూ తీసుకోనట్టున్నారు, నాకు రాయండి. కారు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం చెప్పండి.